కంప కొడుతుంటే కేబిన్ అద్దాలు ఆగడం లేదు, మీరేం చేస్తున్నారు?

పల్నాటి_బండి
కంప కొట్టే పనికి కేబిన్ బండి తిప్పుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నాది 55 హెచ్‌పీ ట్రాక్టరు, ఏసీ కేబిన్, వెనక ఐదడుగుల మల్చర్, అదే కంపని ముక్కలు చేసే బ్లేడ్ల యంత్రం. సంక్రాంతి దాటినప్పటి నుంచి సాగర్ కుడి కాలువ మేజర్ల (పిల్ల కాలువల) గట్ల మీద, బత్తాయి తోటల కంచెల వెంట చిల్లకంప కొట్టే పని పట్టుకున్నా. పని బాగానే దొరుకుతోంది. బండే బాగుండటం లేదు. రెండు నెలల్లో రెండు అద్దాలు పోయాయి.

మొదట వెనకది. అప్పుడు నేనే నడుపుతున్నా. తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. వెనక్కి చూసేసరికి అద్దం లేదు, చల్లగాలి బయటికి పోతోంది, దుమ్ము లోపలికి వస్తోంది. చొక్కా కాలర్లో, సీటు కుట్లలో, చివరికి క్యారేజీలో పప్పు గిన్నె మూత మీద కూడా గాజు పలుకులే. మూడు వారాలు దులిపాం. ఇప్పటికీ బ్లోయర్ ఫుల్లు పెడితే ఒకటో రెండో ఎగిరొస్తాయి. రెండోది మొన్న పోయింది, కుడి తలుపు అద్దం, మా డ్రైవర్ నడుపుతుండగా. ఇవి కాక బానెట్ నిండా గీతలు, కుడి మడ్‌గార్డుకి సొట్ట, వెనక లైటు ఒకటి గోవిందా. బండి, మల్చర్ ఫొటో పెట్టా.

జాలీ వేయించాలా, ప్లాస్టిక్ షీటు వేయించాలా, ఫిల్మ్ అంటిస్తే సరిపోతుందా? వాడినవాళ్ళు చెప్పండి. యూట్యూబ్‌లో చూసినవాళ్ళు వద్దు, అది నేనూ చూశా.

35హెచ్‌పీ_చాలు
కేబిన్ లేని బండి కొంటే అద్దం పగలదు. అంతే.

పల్నాటి_బండి
అద్దం బదులు తల పగులుతుంది అన్నా.

35హెచ్‌పీ_చాలు
కంపెనీ నుంచి అద్దం కోసం ఆగినట్టు తలకి పది రోజులు ఆగక్కర్లేదు, ఊళ్ళో ఆర్ఎంపీ కుట్లు వేసేస్తాడు.

కడప_కంప
మీ వైపు చిల్లకంప, తెలంగాణలో సర్కారు తుమ్మ, మాకు ఉత్త కంప. అన్నీ ఒకటే చెట్టు. 1870ల్లో బ్రిటిష్ అటవీ శాఖవాళ్ళు వంటచెరుకు కోసమని విత్తనాలు తెప్పించి మా కడప వైపే నాటించారంటారు. ఇప్పుడు దేశమంతా మమ్మల్ని తిట్టుకుంటోంది. అద్దాల సంగతి నాకు తెలియదు, చరిత్ర చెప్పి పోదామని వచ్చా.

వెల్డింగ్_బాబాయ్
జాలీనే. నేను ఇప్పటికి నాలుగు కేబిన్లకి చేశా. అంగుళం చదరపు పైపుతో ఫ్రేము, దానికి ముప్పావు అంగుళం గళ్ళ వెల్డ్‌మెష్. తీగ 3 మిల్లీమీటర్లు ఉండాలి. కోళ్ళ ఫారం జాలీ తెచ్చి కట్టమంటారు కొందరు, అది కొమ్మ తగిలితేనే వంగిపోతుంది. అద్దానికీ జాలీకీ మధ్య కనీసం మూడు వేళ్ళ సందు వదలాలి. లేకపోతే రాయి తగిలినప్పుడు జాలీయే వెళ్ళి అద్దాన్ని కొడుతుంది.

ఇంకోటి, జాలీకి మెరుపు లేని నల్ల రంగు వెయ్యి. వెండి రంగులో వదిలేస్తే ఎండ పడ్డప్పుడు కళ్ళు జిగేల్‌మని అవతల ఏమీ కనపడదు. నలుపు వేస్తే రెండో రోజుకి జాలీ ఉన్నట్టే మర్చిపోతావు.

వెనక దాన్ని మాత్రం బోల్టులు బిగించేయొద్దు. ఒక పక్క బందులు, ఒక పక్క గొళ్ళెం పెట్టించు. బండి తిరగబడి తలుపులు పట్టేస్తే బయటికి వచ్చే దారి ఆ వెనక అద్దమే. గొళ్ళెం లోపల్నుంచి చెయ్యి పెడితే అందేలా ఉండాలి.

ఎర్రనేల_అనంతపురం
బాబాయ్ చెప్పింది చేలో పనికి సరే. గట్ల మీద, రోడ్ల పక్కన కాదు. అక్కడ కంప కింద రాళ్ళకంటే క్వార్టర్ సీసాలు ఎక్కువ. సీసా మల్చర్లో పడితే వచ్చేది రాయి కాదు, గుప్పెడు ముక్కలు. ముప్పావు అంగుళం గళ్ళలోంచి దర్జాగా లోపలికి వస్తాయి. నేను జాలీ ఉండగానే వెనక అద్దం పోగొట్టుకున్నా.

ఆ తర్వాత అద్దం బయట పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేయించా. రెండో సీజన్ నడుస్తోంది. గీతలు పడ్డాయి, పగల్లేదు.

పల్నాటి_బండి
ఎర్రనేల అన్నా, పాలికార్బొనేట్ అంటే నేమ్ బోర్డులకి వాడేదేనా? మా నరసరావుపేటలో బోర్డుల షాపులో ఉంది, చవగ్గానే చెప్పాడు.

ఎర్రనేల_అనంతపురం
కాదు కాదు. బోర్డులది అక్రిలిక్. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అక్రిలిక్ ముక్కని సుత్తితో కొడితే మూడు చెక్కలవుతుంది, ఆ చెక్కలు కత్తుల్లా ఉంటాయి. పాలికార్బొనేట్‌ని కొడితే సుత్తి ఎగిరి వెనక్కి వస్తుంది. షాపువాడు ఏం పేరు చెప్పినా సరే, చిన్న ముక్క అడిగి గడప మీద పెట్టి కొట్టి చూడు. షెడ్ల మీద వేసే గదుల షీటు కూడా వద్దు, దాని లోపలంతా బోలు. నిండు షీటు కావాలి, 5 లేదా 6 మిల్లీమీటర్లు.

నేను పడ్డ తిప్పలు చెప్తా, నువ్వు పడకు. మొదటిసారి షీటుకి బోల్టు ఎంతో రంధ్రం అంతే వేశాం. మే నెల ఎండకి షీటు సాగింది, సాగడానికి చోటు లేక ప్రతి రంధ్రం దగ్గరా చీలిక వచ్చింది. రెండోసారి రంధ్రం బోల్టుకంటే 3 మిల్లీమీటర్లు పెద్దది వేసి, రెండు వైపులా రబ్బరు వాషర్లు పెట్టి, చేత్తో తిప్పినంతే బిగించాం. షీటుకి ఒక వైపే ఎండని తట్టుకునే పూత ఉంటుంది, కవరు మీద రాసి ఉంటుంది. ఆ వైపు బయటికి రావాలి. మా కుర్రాడు కవరు రెండు వైపులా పీకేసి ఏది ఏదో మర్చిపోయాడు. మొదటి షీటు పచ్చబడటానికి అదో కారణం.

పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడిచావో, సాలెగూడు అల్లినట్టు పగుళ్ళు పాకుతాయి. దుమ్ము మీద పొడిగుడ్డ కూడా పెట్టకు. ముందు నీళ్ళు కొట్టు, తర్వాత సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ. అద్దం తీసేసి షీటు పెట్టొద్దు. అద్దం అద్దంలా ఉండాలి, దాని బయట షీటు ఉండాలి.

గోదారి_కొబ్బరి
నేను సన్ ఫిల్మ్ వేయించా. అద్దం పగిలింది కానీ పలుకులు ఒళ్ళో పడలేదు, ఫిల్ముకి అతుక్కుని చాపలా వేలాడింది. రాయిని ఆపదు, క్యారేజీని కాపాడుతుంది. పప్పు మీద అంత ప్రేమ ఉంటే వేయించుకోండి 😄

మెకానిక్_మావ
గోదారి చెప్పింది నిజమే. పక్క అద్దాలు, వెనక అద్దం టెంపర్డ్. తగిలితే మొత్తం పలుకులైపోతుంది. అంచు దగ్గర చిన్న దెబ్బ తగిలినా చాలు, ఆ రోజు ఏమీ కాదు, నాలుగు రోజుల తర్వాత ఎండలో నిలబెట్టి ఉండగా దానంతట అదే ఢాం అంటుంది. అప్పుడు పిల్లలు రాయి విసిరారని గొడవలు.

ఐర్లాండ్_ఆంధ్రుడు
నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, కానీ ఉండేది ఐర్లాండ్‌లో పల్లెటూళ్ళో. మా ఇంటి వెనకాయన ఆవుల రైతు, చలికాలంలో చుట్టుపక్కల వాళ్ళకి కంచెలు కత్తిరించే పని చేస్తాడు. ఇక్కడ పొలానికీ పొలానికీ మధ్య గట్టు కాదు, బతికున్న చెట్ల కంచె ఉంటుంది. ముళ్ళ చెట్లే, మన రేగు ముల్లుకి తాతలు. ట్రాక్టరుకి పక్కన పొడుగు చెయ్యి, దాని చివర తిరిగే బ్లేడ్ల డబ్బా. ఆ చెయ్యి కుడి వైపు కాబట్టి ఆయన రోజంతా మెడ కుడికి తిప్పే కూర్చుంటాడు.

మీ ప్రశ్న చదివి నిన్న వెళ్ళి చూశా. కుడి తలుపుకీ, కుడి వెనక మూల అద్దానికీ పాలికార్బొనేట్. దాని మీద మళ్ళీ జాలీ, కానీ కింద సగం వరకే. ఎందుకని అడిగితే, కంచె పైభాగం కోసేటప్పుడు జాలీ లేకుండా చూడాలి, కింద కోసేటప్పుడే రాళ్ళు వస్తాయి అన్నాడు. బానెట్ కుడి పక్క పాత కార్పెట్ ముక్క కట్టాడు. అందంగా లేదు. గీతలూ లేవు.

ఇంకో విషయం, ఇక్కడ మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచె కొయ్యకూడదు, పక్షులు గూళ్ళు పెట్టే కాలం. చట్టమే ఉంది. రోడ్డు మీద ప్రమాదంలాంటి వాటికి మినహాయింపులున్నాయి.

35హెచ్‌పీ_చాలు
మన దగ్గర అలాంటి చట్టం పెడితే ఆరు నెలల్లో చిల్లకంప ఇంట్లోకొచ్చి టీవీ చూస్తుంది.

లెక్కల_మాస్టారు
ఒక చిన్న లెక్క. పీటీఓ, అంటే ట్రాక్టరు వెనక పనిముట్లని తిప్పే ఇరుసు, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంటే మల్చర్ గేరుబాక్సు, బెల్టులు కలిపి రోటర్‌ని (బ్లేడ్లు బిగించిన గొట్టాన్ని) అంతకు మూడు రెట్ల పైనే తిప్పుతాయి. నిమిషానికి 1,800 అనుకోండి. బ్లేడు కొస గీసే వలయం అడ్డుకొలత 45 సెంటీమీటర్లు అనుకోండి. ఒక చుట్టుకి దాదాపు 1.41 మీటర్లు, సెకనుకి 30 చుట్లు, అంటే సెకనుకి 42 మీటర్లు. గంటకి 150 కిలోమీటర్ల పైమాట. మంచి ఫాస్ట్ బౌలర్ వేసే బంతి, కాకపోతే తోలు బంతి కాదు, కంకర రాయి. మీరు కేబిన్ అద్దానికి ప్యాడ్లు కడుతున్నారు, బౌలర్‌ని ఎవరూ ఆపడం లేదు.

కరీంనగర్_పత్తి
మాస్టారు నా నోట్లోది లాక్కున్నారు. పల్నాటి అన్నా, పైన మీరు పెట్టిన ఫొటో పెద్దగా చేసి చూసిన. మల్చర్ ముందు వైపు గొలుసులు ఏవి? ఆ పట్టీకి రంధ్రాలు వరుసగా ఉన్నాయి, గొలుసులు లేవు.

వెల్డింగ్_బాబాయ్
అవునే! నేను అద్దం వైపే చూశా.

35హెచ్‌పీ_చాలు
దొరికాడు దొంగ.

కరీంనగర్_పత్తి
నేను పత్తి కట్టె కొడతా. ఏరుడు అయిపోయినంక గులాబీ పురుగు చేన్ల ఉండొద్దని కట్టె మొత్తం ముక్కలు చేసి దున్నిస్తున్నారు. దాంట్లో కూడా రాళ్ళు వస్తాయి. చాలా మల్చర్లలో రోటర్ బండి చక్రాలకి ఎదురు తిరుగుతుంది, కింద దొరికిన దాన్ని ముందుకు, అంటే బండి వైపు లేపుతుంది. దాన్ని ఆపేవి ముందు గొలుసులే. దగ్గర దగ్గరగా, రెండు వరుసలు, ఒక వరుస సందులో ఇంకో వరుస వచ్చేటట్టు ఉండాలి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఉంటాయి. తర్వాత మాయమైతాయి.

పల్నాటి_బండి
రెండు రోజులు రాలేదు, పనిలో ఉన్నా. నిజం చెప్తా.

కరీంనగర్ అన్న పోస్టు చూసి డ్రైవర్‌ని అడిగా. మొదటి వారంలోనే విప్పేశాడట. ఏపుగా ఉన్న కంప గొలుసుల దగ్గర ఆగిపోయి కుప్ప పడుతోందని, దిగి లాగాల్సి వస్తోందని. అన్నీ యూరియా సంచిలో వేసి మూతి కట్టి షెడ్డులో బ్లేడ్ల డబ్బా వెనక పెట్టాడు, పోగొట్టలేదు. నాకెందుకు చెప్పలేదురా అంటే, "రోజుకి ఎకరంన్నర కూడా కావడం లేదని మీరే అరిచారు కదన్నా" అన్నాడు. అరిచిన మాట నిజమే.

మొదటి అద్దం పోయినప్పుడు నేనే నడిపానని చెప్పా కదా. అప్పటికే గొలుసులు లేవు. నేనూ చూసుకోలేదు.

గోదారి_కొబ్బరి
మా బండికీ ఇంతే. డ్రైవర్ని అనేం లాభం, ఎకరాల లెక్క అడిగేది మనమే.

మెకానిక్_మావ
గొలుసులు పెట్టు, కానీ వాటితో ఏపైన కంప కొట్టలేవు, వాడు చెప్పిందీ అబద్ధం కాదు. రెండు దఫాలుగా కొట్టు. మొదట మల్చర్ పైకి లేపి, వెనక్కి పోనిస్తూ మోకాలి ఎత్తున పడగొట్టు. అప్పుడు నేల తగలదు కాబట్టి రాళ్ళు తక్కువ. రెండో దఫా కిందకి దించి, మెల్లగా ముందుకు. నేల నుంచి నాలుగు వేళ్ళు ఎత్తులోనే ఉంచు. నున్నగా గీకెయ్యాలని చూడకు, మొద్దు ఎలాగూ మళ్ళీ చిగురిస్తుంది. బ్లేడు మట్టిని తాకిన ప్రతిసారీ అద్దానికి గండం.

బ్లేడు ఒకటి ఊడితే ఎదురుగా ఉన్నది కూడా మార్చు. ఒక్కటే కొత్తది వేస్తే రోటర్ ఊగుతుంది, బేరింగ్ పోతుంది. ఊగే మల్చర్ రాళ్ళని ఎటు విసురుతుందో దానికే తెలియదు.

ఎర్రనేల_అనంతపురం
కొట్టే ముందు గట్టు వెంట ఒకసారి నడవండి. చేతిలో సంచి, కర్ర, తీగ కోసే కత్తెర. నేను ఒక్క కిలోమీటరులో తీసినవి: సీసాలు ఒక సంచి, ముళ్ళతీగ పది గజాలు, మోటారు పాత పైపు ముక్క, ఒక చెప్పు, ఒక మైలురాయి. మైలురాయి నిజంగానే కంపలో పడి ఉంది. అది తగిలి ఉంటే అద్దం కాదు, గేరుబాక్సు పోయేది.

ముళ్ళతీగ రోటర్‌కి చుట్టుకుంటే పీటీఓ ఆపడమే కాదు, ఇంజను ఆపి తాళం జేబులో వేసుకుని దిగండి. తాళం బండికే వదిలి దిగినవాడి చెయ్యి ఏమైందో నేను చూశా, ఇక్కడ రాయను.

పాలసీ_పంతులు
ఇన్సూరెన్సు గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తా. ఫుల్ పాలసీ ఉంటే అద్దానికి తరుగు (పాతబడిందని తగ్గించే డబ్బు) కొట్టరు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం, ఫైబర్ వాటికి 30 శాతం తరుగు పోతుంది. అంటే అసలు అద్దం ఉండగా బయట షీటు వేసుకోమన్న ఎర్రనేల గారి మాట పాలసీ లెక్కలోనూ మంచిదే. తర్వాత బిగించిన షీటు, జాలీ పాలసీలో రాయించకపోతే వాటికి పైసా రాదు.

ఇంకో మెలిక, పాలసీ సొంత వ్యవసాయానికని తీసుకుని కాలువ గట్టు మీద కాంట్రాక్టు పని చేస్తుంటే సర్వేయర్ మొదట అడిగేది అదే. ప్రతి చిన్న అద్దానికీ క్లెయిము వేస్తే, క్లెయిము వేయనందుకు వచ్చే బోనస్ పోతుంది, అదీ లెక్క వేసుకోండి.

35హెచ్‌పీ_చాలు
పంతులుగారు, కేబిన్ లేని బండికి గాలికి తరుగు ఎంత?

పంక్చర్_రాజు
అందరూ అద్దాల దగ్గరే ఆగారు, టైర్ల మాట ఎవరూ ఎత్తరేం? కంప ముల్లు ఎండితే ఇనుప మేకే. ముందుకి పోనిస్తూ కొడితే ముందు టైర్లే మొదట ఎక్కుతాయి. ముందు టైర్లలో ట్యూబుకి బయట పాత టైరు పట్టీ కోసి లోపల పరిపించండి. వెనక టైర్లలో బరువుకి నీళ్ళు పోస్తారు కదా, కంప పనిలో అది తలనొప్పి. పంక్చరైతే ముందు నీళ్ళు తోడాలి, గట్టు మీద ఎక్కడ తోడతావు? చక్రాలకి ఇనుప బరువులు వేసుకోండి.

కడప_కంప
ఇది మాత్రం అనుభవం మీద చెప్తున్నా, చరిత్ర కాదు. రేడియేటర్ జాలీ రెండు గంటలకోసారి చూడండి. ఎండిన కంప ఆకు పొట్టులా రాలి జాలీకి దుప్పటి కప్పినట్టు అంటుకుంటుంది. వేడి చూపే మీటరు ముల్లు పైకి పోయేదాకా మనకి తెలియదు. గాలి కొట్టేటప్పుడు లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి.

అదే పొట్టు సైలెన్సర్ మొదట్లో చేరితే నిప్పంటుకుంటుంది. ఏప్రిల్లో మా బాబాయి బండికి అంటుకుంది, తాగే నీళ్ళ క్యాను పోసి ఆర్పారు. బానెట్ రంగు పొంగిపోయింది. చిన్న నిప్పార్పే సిలిండరు కేబిన్లో ఉంచండి, సీటు వెనక కాదు, చెయ్యి అందే చోట.

వెల్డింగ్_బాబాయ్
పల్నాటి, మీకు పిడుగురాళ్ల పక్కనే కదా. అటు క్రషర్ల దగ్గర పాత కన్వేయర్ బెల్టు అమ్ముతారు. మల్చర్ రెండు పక్కలా, వెనకా అది వేలాడదీయి. నేలకి రెండు వేళ్ళ పైన ఆగాలి. గొలుసు కంపని లోపలికి వదులుతుంది, బెల్టు రాయిని బయటికి వదలదు. ముందు వైపు మాత్రం బెల్టు వద్దు, కంప అసలు లోపలికే పోదు. మడ్‌గార్డు లోపలి వైపు కూడా అదే బెల్టు ముక్క బిగిస్తే సొట్టలు పడవు. లైట్లకి చిన్న జాలీ గంపలు చేసిస్తా, తెనాలి వస్తే.

ఐర్లాండ్_ఆంధ్రుడు
మా వెనకాయనకి ఈ థ్రెడ్ చదివి వినిపించా, తెలుగు నుంచి నా వంకర ఇంగ్లీషులో. మైలురాయి దగ్గర పడీ పడీ నవ్వాడు. ఆయనకి ఒకసారి కంచెలో ఇనుప మంచం దొరికిందట.

పల్నాటి_బండి
అందరికీ అప్‌డేట్. యూరియా సంచి విప్పి గొలుసులన్నీ పెట్టాం. నాలుగు తక్కువయ్యాయి, పేటలో కొత్తవి కొన్నా. పక్కలకి, వెనక్కి బెల్టు వేశాం. మెకానిక్ మావ చెప్పినట్టు రెండు దఫాలుగా కొడుతున్నాం. ఎకరాలు తగ్గాయి, రోజుకి ఎకరం పావు. డ్రైవర్‌కి ఏమీ అనలేదు, వాడే రెండుసార్లు నా మొహం చూశాడు.

నిన్న సాయంత్రం ఒక రాయి గొలుసుకి తగిలింది. గంట కొట్టినట్టు ఖంగుమంది. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. అద్దం ఉంది.

షీటు గుంటూరులో చెప్పా, గడప మీద పెట్టి కొట్టే తీసుకున్నా. షాపువాడు నన్ను పిచ్చోడిలా చూశాడు. ముందు వెనక అద్దానికి, తర్వాత కుడి తలుపుకి వేయిస్తా. ఎడమ వైపు ప్రస్తుతానికి దేవుడి మీద వదిలేశా.

ఎర్రనేల_అనంతపురం
రంధ్రాలు పెద్దవి వేయించావా?

పల్నాటి_బండి
వేయించా అన్నా. కవరు కూడా నేనే పీకా.

గోదారి_కొబ్బరి
గొలుసు ఎంత లావుది కొన్నారు? మావి పోయి రెండేళ్ళయింది, చూసి చెప్పండి.

పల్నాటి_బండి
8 మిల్లీమీటర్లది. కంపెనీ గొలుసు ముక్క ఒకటి చేత్తో పట్టుకెళ్ళి దానికి సరిపోయేదే తెచ్చా. మీరూ అలాగే చేయండి, ఒక్కో మల్చర్‌కి ఒక్కోలా ఉంటుంది.

వినుకొండ_నిమ్మతోట
అన్నా, మా తోట చుట్టూ మూడెకరాల పొడుగున కంప ఉంది. గంటకి ఎంత తీసుకుంటున్నారు? గొలుసులతోనా, లేకుండానా? 😀

పల్నాటి_బండి
గొలుసులతోనే. రేటు మెసేజ్‌లో చెప్తా. సీసాలు మాత్రం మీరే ఏరి పెట్టాలి.